ఎర్రదిన్నె గుంత నడక

గుంత నడుస్తుందని ఎవరైనా చెబితే నేను కూడా నమ్మేవాణ్ని కాదు. కాని మా ఉప్పరదిన్నె జలాశయం పనుల్లో ఎర్రదిన్నె గుంత అయిదు కిలోమీటర్లు నడిచింది. జనవరిలో బయలుదేరి మే మూడో వారానికి చేరవలసిన చోటికి చేరింది. దారి పొడుగునా దానికి కొలతలు తీసినవాణ్ని నేనే. నా పేరు రుద్రముని, వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. వర్క్ ఇన్‌స్పెక్టర్ అంటే పని చేసేవాడూ కాదు, చేయించేవాడూ కాదు. రెండు వర్గాలూ తిట్టుకోవడానికి వీలుగా మధ్యలో టేపు పట్టుకుని నిలబడేవాడు.

ముందు కట్ట సంగతి చెప్పాలి. గుండ్లవంక అనే వాగుకు అడ్డంగా పద్దెనిమిది వందల మీటర్ల పొడవు, పన్నెండు మీటర్ల ఎత్తు మట్టికట్ట. జానెడు మందాన మట్టి పరచడం, నీళ్లు చల్లడం, రోలర్ తిప్పడం, మళ్లీ జానెడు పరచడం. ఇలా ఏడేళ్లు. అంతా సుంకన్న మేస్త్రి చేతిమీదుగా లేచింది. సుంకన్నవాళ్లది తాతల నాటినుంచీ మట్టిపని. పిడికెడు మట్టి నొక్కి వదిలి, అది విరిగిన తీరు చూసి తడి చాలిందో లేదో చెప్పేవాడు. అదే మాటను మా ల్యాబ్ మూడు రోజుల తరువాత, మూడు సంతకాలతో చెప్పేది.

ఆ కట్ట కోసం నేల ఇచ్చినవాళ్లలో తిప్పక్క ఒకతె. అరవై దాటిన మనిషి, భర్త లేడు. ఆమెకున్న ఏడెకరాల్లో నాలుగు కట్ట కిందికి పోయాయి. మిగిలిన మూడెకరాలు కట్టకు దిగువన, తూము నుంచి వచ్చే నీళ్లకు మొట్టమొదటి చేను. నాలుగు ఇస్తే మూడింటికి నీళ్లు పారతాయని మా శాఖవాళ్లు చెప్పిన మాట మీద ఆమె వేలిముద్ర వేసింది. వాన మీద భారం వేసి వేరుశనగ విత్తడం, పదేళ్లలో ఆరేళ్లు కాయ లేని కట్టె మోసుకుని ఇంటికి రావడం ఆమెకు అలవాటు. కట్ట పూర్తయిన రోజున టెంకాయ కొట్టి, "ఈ వానకు నిండితే సాలు సారూ. ఇంగ మబ్బు మొగం సూసే పని లేదు నాకు" అంది.

నిజంగానే పని లేదు. కట్ట లేచింది. తూముకు ఇనుప తలుపు బిగించారు. ఇక రావలసింది నీళ్లు మాత్రమే. ఆ ఏడు వానల్లేక వంక పారలేదు. ఈలోగా సర్క్యులర్ వచ్చింది.

దాని పేరు 'భూగర్త పునఃపూరణ బాధ్యతా విధానం'. గర్త అంటే గుంతే. తెచ్చినాయన డాక్టర్ విశ్వంభరం గారు, కొత్తగా ఏర్పడిన పర్యావరణ బాధ్యతా విభాగానికి ప్రధాన సలహాదారు. నూలు చొక్కా, నారసంచీ, ఏసీ కారు. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు (ఈఈ) చక్రపాణి గారు సైటాఫీసులో మీటింగు పెట్టారు. మూలన నేను, గుమ్మం దగ్గర చెప్పులు విడిచి సుంకన్న.

"జలాశయం కడుతున్నామని మీరు గర్వపడుతున్నారు. కాని కట్టకు మట్టి తీసిన చోట నేలతల్లి దేహం మీద ఒక గాయం మిగిలింది. ఆ గాయాన్ని మాన్పే సంస్కారం మనకు ఉందా అన్నది ఈనాటి మౌలిక ప్రశ్న" అన్నారు విశ్వంభరం గారు.

మాట మంచిదే, నేను కాదనను. కట్టలో మూడో వంతు మట్టి ఎర్రదిన్నె నుంచే వచ్చింది, మిగతాది చుట్టుపక్కల చెరువుల పూడిక. పేరుకు తగ్గట్టు అక్కడ ఒకప్పుడు దిన్నె ఉండేది. ఇప్పుడు మూడు తాటిచెట్ల లోతు గుంత ఉంది. గొర్రెలు పడి చస్తున్నాయి. దానికి ఏదో ఒకటి చేయవలసిందే. అయితే సర్క్యులర్‌లో ఆ 'ఏదో ఒకటి' చాలా స్పష్టంగా రాసి ఉంది. జనవరి ఒకటి నాటికి తెరిచి ఉన్న ప్రతి గుంతనూ పాత నేల మట్టానికి పూడ్చాలి. పూడ్చిన మట్టిని కట్టంత గట్టిగా రోలర్‌తో నొక్కాలి. లారీల పొగ వల్ల గాలి చెడుతుంది కాబట్టి ఆ మట్టిని గుంతకు అర కిలోమీటరు లోపలినుంచే తేవాలి. జూన్ అయిదు, పర్యావరణ దినం నాటికి ప్రాజెక్టులో గుంతల సంఖ్య సున్నా కావాలి.

సుంకన్న చేతులు కట్టుకుని అడిగాడు. "సారూ, గుంత పూడ్సల్లంటే మట్టి గావాల. ఆ మట్టి యాణ్నుంచి తేవాల?"

"అర కిలోమీటరు లోపలినుంచి. రాసి ఉంది కదయ్యా."

"తెస్తాం. అప్పుడు ఆడ ఇంగో గుంత పడతాది గదా?"

విశ్వంభరం గారు చిరునవ్వు నవ్వారు. "అది గుంత కాదు మేస్త్రీ, మృత్తికా సేకరణ క్షేత్రం. సేకరణ ముగిసినట్టు ధ్రువీకరించిన తరువాతే దానికి గుంత హోదా వస్తుంది."

"హోదా వచ్చినాక?"

"వచ్చాక దాన్నీ పూడుస్తాం. బాధ్యతను మధ్యలో వదిలేస్తామా?"

సుంకన్న నా వైపు చూశాడు. నేను టేపు వైపు చూసుకున్నాను. అతను ఇంకోసారి ప్రయత్నించాడు. "అట్ల గాదు సారూ. ఎర్రదిన్నెకు ఒక పక్క ఏటవాలుగా గొడ్లు దిగేటట్టు చెక్కుదాం. గట్టున కానుగ సెట్లు పెడదాం. వానొస్తే కుంట అయితాది, గొడ్లు నీళ్లు తాగుతాయి. లేదు, పూడ్సాల్సిందే అంటారా, కట్ట లోపల మునిగే నేల ఉండాది గదా, ఆడ తవ్వుకుందాం. రేపు నీళ్లొస్తే ఆ గుంత ఎట్లా కనపడదు."

నలభై ఏళ్ల మట్టిపనిలో తేలిన మాట అది. విశ్వంభరం గారు మాత్రం నొచ్చుకున్నారు.

"మునిగే నేలా? అది భావి మత్స్య సంపదకు ఆవాసం. ఇంకా పుట్టని చేప హక్కును హరించే అధికారం మనకెవరిచ్చారు?"

"నోట్ చేసుకోండి రుద్రమునీ" అన్నారు ఈఈ గారు. పుట్టని చేప అని నోట్ చేసుకున్నాను.

ఆ తరువాత మ్యాపు పరిచారు. ఎర్రదిన్నెకు పడమర అడవి, చెయ్యి పెట్టడానికి లేదు. దక్షిణం రాతిగుట్ట, పార దిగదు. తూర్పున పక్క డివిజన్ మొదలవుతుంది, ఒక డివిజన్ మట్టిని ఇంకో డివిజన్ గుంతలో వేస్తే అది ఏ డివిజన్ మట్టి అన్న ప్రశ్న వస్తుంది. మిగిలింది ఉత్తరం. ఉత్తరం వైపు అంతా సర్కారు బంజరే, ఎవరి అభ్యంతరమూ లేదు. ఈఈ గారు ఎర్ర పెన్సిలుతో ఉత్తరానికి బాణం గీశారు. ఆ బాణం చివర ఏముందో ఆ రోజు ఎవరూ అడగలేదు. అయిదు కిలోమీటర్ల అవతల, బాణానికి సరిగ్గా ఎదురుగా కట్ట ఉంది.

పని మొదలైంది. ఎర్రదిన్నె గుంతను పూడ్చడానికి దానికి ఉత్తరాన రెండో గుంత తవ్వాం. రెండోదాన్ని పూడ్చడానికి మూడోది తవ్వాం. ఒక్కొక్క గుంతకు రెండు వారాలు. పొక్లెయిన్లు, టిప్పర్లు, రోలర్లు గుంత వెంబడే గుడారాలు ఎత్తుకుని కదిలాయి. ప్రతి గుంత దగ్గరా పచ్చరంగు బోర్డు పాతాం. 'బాధ్యతాయుత గర్త – 4', 'బాధ్యతాయుత గర్త – 5'. పక్క జిల్లాల ఇంజనీర్లు బస్సుల్లో వచ్చి చూసి, ఫోటోలు దిగి, మజ్జిగ తాగి వెళ్లారు. ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "మా దగ్గర గుంతలన్నీ కదలకుండా ఉన్న చోటే ఉంటున్నాయి. ఏం చేయాలి?" అని దిగులుగా అడిగాడు.

మూడో గుంతకు వచ్చేసరికి ఒక చిక్కు కనిపించింది. గుల్లగా ఉన్న నేలను తవ్వి తెచ్చి కట్టంత గట్టిగా నొక్కితే పది బుట్టల మట్టి తొమ్మిది బుట్టల చోటులో సర్దుకుంటుంది. అంటే ప్రతి గుంతనూ పూడ్చడానికి అంతకంటే పెద్ద గుంత తవ్వాలి. సుంకన్న ఈ మాట మొదటి రోజే చెప్పాడు. మేం మూడో గుంతలో కనిపెట్టి, పరిశోధనా పత్రంగా రాసి పంపాం. నడిచేకొద్దీ మనుషులు చిక్కుతారు, మా గుంత బలిసింది. పదో మజిలీకి వచ్చేసరికి మొదటిదానికి దాదాపు మూడింతలైంది.

పూడ్చిన చోట్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. రోలర్ తొక్కిన నేల బండలా బిగుసుకుంది. మొక్కల పండుగ అని వేప విత్తనాలు చల్లితే పైనే ఎండిపోయాయి. గరిక కూడా తల ఎత్తలేదు. పచ్చదనం నివేదికలో, 'కలుపు మొక్కల బెడద శాశ్వతంగా నివారించబడినది' అని రాశాం. ఇక రోలర్ తిప్పాలంటే మట్టి తడపాలి కదా. మార్చి నుంచి ఉప్పరదిన్నె ఊరికి రోజుకో ట్యాంకరు నీళ్లు, గుంతకు ఇరవై ట్యాంకర్లు. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు గుంత దగ్గరికే వచ్చి నిలబడితే, ప్రజల్లో పర్యావరణ చైతన్యం పెరుగుతున్నదని విశ్వంభరం గారు చాలా సంతోషించారు.

తిప్పక్క అప్పుడప్పుడు గొర్రెలు తోలుకుని ఆ దారిన వచ్చేది. ఏడో గుంత దగ్గర నిలబడి అడిగింది.

"సారూ, ఈ గుంత పోయిన నెల ఆడుండె. ఈ నెల ఈడికొచ్చె. ఇట్ల యాడికి పోతాది?"

"ఉత్తరానికి తిప్పక్కా."

ఆమె ఉత్తరం వైపు చూసింది. ఎదురుగా ఆమె చేను, చేనుకు ఆనుకుని కట్ట. "మీ పెద్దసార్లకు ఆ దిక్కు కండ్లు ఆనవా?" అంది.

నాకు ఆనుతున్నాయి. ఆ మాట ఈఈ గారికి చెబుదామని రెండుసార్లు ఆయన గదిదాకా వెళ్లాను. రెండుసార్లూ లోపల అభినందన సభ జరుగుతోంది. మూడోసారి వెళ్లలేదు. ఇందులో నా పిరికితనం ఎంత, సభల పాలు ఎంత అని అడిగితే పిరికితనమే ఎక్కువ.

మే నెల మూడో వారానికి గుంత తిప్పక్క చేను గట్టుకు వచ్చి ఆగింది. అది పదోది. దాన్ని పూడ్చడానికి అర కిలోమీటరు లోపల రెండే చోట్ల మట్టి ఉంది. ఒకటి తిప్పక్క మూడెకరాలు. రెండోది దాని అవతల ఉన్నది, దాని పేరు ఎవరూ ఎత్తడం లేదు. సొంత పొలం కాబట్టి తిప్పక్క ఒప్పుకోవాలి. గుంత పక్కనే షామియానా వేసి 'లబ్ధిదారుతో ముఖాముఖి' అని బ్యానరు కట్టారు. ఎండ పేలిపోతోంది. తిప్పక్కకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆమె కింద కూర్చుంది.

విశ్వంభరం గారు చేతులు జోడించారు. "అమ్మా, మీ నేల ధన్యమైంది. ఈ మహాయజ్ఞంలో ఆఖరి సమిధగా మీ మూడెకరాల మృత్తికను సమర్పించే అవకాశం మీకు దక్కింది."

"సమిధంటే ఏంది సారూ?" అని నన్నడిగింది.

"నీ చేను తవ్వుకుంటామంటున్నారు."

"ఎంత లోతు?"

"నలుగురు మనుషుల లోతు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "సారూ, ఇంతకుముందు నాలుగెకరాలిస్తి. ఈ మూడింటికి నీళ్లొస్తాయంటిరి. ఇప్పుడు ఈ మూడు గూడా తవ్వితే నీళ్లొచ్చి నేనేం జేసుకోవాల? తల కడుక్కోవాల్నా?"

ఈఈ గారు దగ్గారు. విశ్వంభరం గారికి కోపం రాలేదు. ఆయనకు ఎప్పుడూ రాదు, అదే ఆయనతో బాధ. "మీ చేను ఎక్కడికీ పోదమ్మా. దాన్నీ పూడుస్తాం, విధానం ప్రకారం."

"పూడ్సనీకి మట్టి?"

"అది తరువాతి దశలో ఆలోచిస్తాం."

"ఆలోసించేది ఏముంది సారూ? మిట్టమధ్యాన్నం కనపడతాంది గదా. నా చేను అయిపోతే ఇంగ మిగిలేది ఆ కట్టే. ఆ కట్ట తవ్వి గుంతలో పోస్తారా ఏంది?"

ఇన్నాళ్లూ ఎవరూ అనని మాట ఆ ముసలావిడ నలుగురిలో అనేసింది, ఇక దీన్ని ఆపక తప్పదు అనుకున్నాను.

విశ్వంభరం గారు కుర్చీలోంచి లేచారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"చక్రపాణి గారూ, విన్నారా? ఇది కదా ప్రజల నుంచి వచ్చే జ్ఞానం! మనం అయిదు నెలలుగా కొత్త మట్టి కోసం వెతుకుతున్నాం. తవ్విన మట్టి, అదీ ఎర్రదిన్నెనుంచే వచ్చిన మట్టి, కళ్లెదుట గుట్టగా పడి ఉంది. ఈ తల్లి ఒక్క మాటలో దారి చూపింది. కట్ట మట్టితో పూడిస్తే మళ్లీ కొత్త గుంత పడదు. ఎందుకంటే కట్ట నేల మీద ఉంది!"

ఇంజనీరింగ్ ప్రకారం ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. ఈఈ గారు కాగితం మీద వేసి చూసుకున్నారు. మూడింతలు పెరిగిన గుంత, కట్టలోని మొత్తం మట్టి, రెండూ ఒక్క బుట్ట తేడా లేకుండా సరిపోయాయి. అంత చక్కగా సరిపోయిన లెక్క తన సర్వీసులో చూడలేదని ఆయన అన్నారు.

తిప్పక్క లేచి నిలబడింది. "నేను అడిగితి సారూ. సెయ్యమని జెప్పలా!"

"వినయం" అన్నారు విశ్వంభరం గారు, చప్పట్లు కొడుతూ. కూర్చున్నవాళ్లలో మా సిబ్బందే ఎక్కువ కాబట్టి చప్పట్లు గట్టిగానే పడ్డాయి. మినిట్స్‌లో 'లబ్ధిదారు శ్రీమతి తిప్పక్క గారి విలువైన సూచన మేరకు' అని రాసుకున్నారు. రాసుకున్నారు అంటున్నాను గాని, రాసింది నేనే. ఆ ఒక్క వాక్యం రాయకుండా పెన్నులో సిరా అయిపోయిందని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

కట్ట తవ్వమని కబురు పంపితే సుంకన్న వచ్చాడు. ఈఈ గారి మాట అంతా విన్నాడు.

"కట్టమంటే కట్టినా సారూ. ఏడేండ్లు. పొర పొరకూ నా కాలు పడింది దాని మీద. తవ్వేది నాతో గాదు."

"తవ్వడం కాదయ్యా, మృత్తికా పునరాగమనం."

"ఏ పేరు పెట్టినా పార దిగేది దాని కడుపులోకే గదా" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ సైటులో కనబడలేదు.

అతను లేకపోయినా పొక్లెయిన్లు ఉన్నాయి. ఏడేళ్లలో పైకి లేచిన కట్ట పన్నెండు రోజుల్లో కిందికి దిగింది. చివర వేసిన పొర ముందు, ముందు వేసిన పొర చివర. మట్టిపనిలో ఒక పద్ధతి ఉంది. తవ్వేచోట మధ్యలో ఒక దిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. ఎంత మందం తవ్వారో కొలవడానికి ఆ దిమ్మే సాక్షి. పద్ధతి ప్రకారం నేను కట్ట మధ్యలో ఒక దిమ్మెను వదిలించాను. పన్నెండు మీటర్ల ఎత్తు, పైన ఒక మంచం పట్టేంత వెడల్పు. దానికి రెండువందల అడుగుల దూరంలో తూము ఇనుప తలుపుతో సహా ఒంటరిగా నిలబడింది. తూమును ముట్టుకోలేదు, అది మట్టి కాదు కదా.

జూన్ అయిదున పదో గుంత మూసుకుంది. సభ జరిగింది. ప్రాజెక్టులో గుంతలు సున్నా. జలాశయం కట్టి, ఆ చుట్టుపక్కల నేలను కట్టకముందు ఎలా ఉందో అలాగే తిరిగి తెచ్చిన ప్రాజెక్టు మరొకటి లేదని ప్రశంసాపత్రంలో రాశారు. రాసినాయన హాస్యానికి రాయలేదు. ఈఈ గారికి ప్రమోషన్ వచ్చింది, విశ్వంభరం గారు ఇంకో ప్రాజెక్టుకు బాధ్యత నేర్పడానికి వెళ్లారు.

జూన్ నెలాఖరులో వాన పడింది. మంచి వాన, ఎన్నో ఏళ్లకు పడిన వాన. ఒక మధ్యాహ్నం గుండ్లవంక ఎర్రగా, నురగలు కక్కుతూ వచ్చింది. దిమ్మెకు అటొక పాయ ఇటొక పాయ అయి, తూము పక్కనుంచి దొర్లుకుంటూ దిగువకు పోయింది. తూము ఆపరేటరు గొడుగు పట్టుకుని ఎక్కి, షెడ్యూలు ప్రకారం తలుపు నాలుగంగుళాలు ఎత్తాడు. ఎత్తకపోతే మెమో ఇస్తారు. నీళ్లు తలుపు దగ్గరికి రాలేదు, వాటికి అంతకంటే విశాలమైన దారి ఉంది. తిప్పక్క గట్టు మీద తడుస్తూ నిలబడి, వంక తగ్గేదాకా చూసింది. సాయంత్రానికి పాదం మునిగేంత నీళ్లు కూడా నిలవలేదు.

మరునాడు ఆమె ఆఫీసుకు వచ్చింది. "నీళ్లు ఎట్లా లేవు, కట్టా లేదు. నా నాలుగెకరాలు నాకియ్యండి సారూ. వాన మీదన్నా ఇత్తుకుంటా" అంది. అర్జీ నేనే రాసిపెట్టాను.

కొత్త ఈఈ గారు తనిఖీకి ఒక ఇంజనీరును పంపించారు. ఆయన సైటుకు వచ్చి, దిమ్మెను చూసి, టేపు వేయించారు. పన్నెండు మీటర్లు. డిజైను ఎత్తూ పన్నెండే. "ఎత్తు సరిపోయింది" అన్నారు.

"సార్, పొడవు?" అన్నాను.

"పొడవు మీద అర్జీదారు ఆరోపణ ఏదైనా చేశారా?"

చేయలేదు. నేను రాయడమే 'కట్ట లేదు' అని రాశాను. ఆయన దిమ్మెను ఫోటో తీసుకుని వెళ్లారు. పది రోజులకు జవాబు వచ్చింది. ఉప్పరదిన్నె జలాశయం కట్ట గత ఏడాది మార్చిలో పూర్తయినట్టు రికార్డులో ఉన్నది, పూర్తయిన పని తిరిగి అసంపూర్ణం కావడానికి నిబంధనల్లో వీలు లేదు, కనుక నాలుగెకరాలు కట్ట కిందనే ఉన్నవి.

తిప్పక్క ఆ జవాబును నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆ వారమే ట్రాక్టరు మాట్లాడి, ఒకప్పటి తన నాలుగెకరాలనూ మూడుసార్లు దున్నించి, పదును చూసుకుని వేరుశనగ విత్తించడం మొదలుపెట్టింది. పెట్టిన రెండో రోజుకే నోటీసు తయారైంది. మా ఆఫీసులో కాగితం అంత పరుగున కదలడం నేనెప్పుడూ చూడలేదు. అందజేయమని నన్నే పంపారు.

ఆమె విత్తనం సాలు వెంట నడుస్తోంది. నన్ను చూసి ఆగింది.

"సదవండి."

చదివాను. జలాశయం కట్టపై అక్రమంగా సేద్యం చేయుచు, కట్ట భద్రతకు ముప్పు కలిగించుచున్నందున తగు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను. అంతేకాక, కట్ట తొలగింపునకు మూలమైన సూచన ఇచ్చినది కూడ తామే అయినట్లు మినిట్స్ వల్ల తేలినది.

"కట్ట ఉండాదంటారు, నేనే తీపిచ్చినానంటారు. రెండూ ఒకే కాగితంలోనా?"

"రెండూ వేరు వేరు పేరాల్లో ఉన్నాయి తిప్పక్కా."

"ఈడ కట్ట ఎంత ఎత్తుండాదని రాసినారు?"

"పన్నెండు మీటర్లు."

ఆమె కాళ్లకింది నేల చూసింది, తల ఎత్తి ఆకాశం చూసింది. "అయితే నేనిప్పుడు దాని కిందుండాన్నా?"

"కాగితం ప్రకారం అంతే."

"అట్లయితే ముందు ఆ మట్టెత్తి నన్ను బయటికి తియ్యండి. అప్పుడియ్యండి ఈ నోటీసు. ఇప్పుడు పదును పోతాది, జరగండి సారూ."

జరిగాను. ఇరవై రెండేళ్ల సర్వీసులో పై అధికారికి ఎదురు మాట రాయనివాణ్ని, ఆ రోజు ఆ గట్టు మీదే కూర్చుని నోటీసు వెనుక నాలుగు ముక్కలు రాశాను. 'నోటీసు అందుకోవలసిన వ్యక్తి రికార్డు ప్రకారం పన్నెండు మీటర్ల మట్టి కింద ఉన్నందున అందజేయలేకపోయాను.' సంతకం పెట్టి పంపించేశాను. సస్పెన్షన్ వస్తుందని ఇంట్లో కూడా చెప్పి ఉంచాను.

సస్పెన్షన్ రాలేదు. ఇరవై రోజులకు జవాబు వచ్చింది. పట్టుకుని తిప్పక్క చేనికి వెళ్లాను. విత్తినప్పటినుంచీ చినుకు లేదు. మొలకలు రెండేసి ఆకులు వేసి, బెట్టకు తలలు వేలాడేశాయి. ఆమె సాలు మధ్య గొంతుక్కూర్చుని ఒక మొక్క మొదట్లో మట్టి గీకి చూస్తోంది, తడి ఎంత లోతున ఉందోనని.

నేను చదివి వినిపించాను. "మీ నివేదిక అందినది. సదరు మహిళను మట్టి కిందనుండి వెలికితీయుటకు శాఖకు అభ్యంతరము లేదు. అయితే అందుకొరకు తవ్వబోవు గుంతను పూడ్చుటకు కావలసిన మట్టిని అర కిలోమీటరు లోపల ఎక్కడినుండి సేకరింతురో ముందుగా తెలుపవలెను. అంతవరకు ఆమెను యథాస్థితిలో ఉంచవలెను."

చదువుతుంటే నాకే నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వుతుందనుకున్నాను.

"అంతేనా?" అంది.

"అంతే."

"నీళ్ల మాట ఏమన్నా రాసినారా సారూ, అందులో?"

కాగితం తిప్పి వెనుక కూడా చూశాను. "లేదు తిప్పక్కా" అన్నాను.

ఆమె మళ్లీ మట్టి గీకడం మొదలుపెట్టింది.